మిడతల ఆటకు బోణీ

కడప,
10-7-2007

చిరంజీవి సౌభాగ్యవతి పద్మప్రియకు అన్నయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నాయనకు మోకాళ్ళ నొప్పి తప్ప వేరే జబ్బు లేదు, నోరు మాత్రం మునుపటికంటే గట్టిగా ఉంది. రోజూ అంగడికి వచ్చి, సెల్‌ఫోన్లు కొనేవాళ్ళతో కందిపప్పు బేరమాడినట్టు మాట్లాడతాడు.

ఫోన్లో చెప్పే మాట ఉత్తరంలో రాస్తున్నాడేమిటా అనుకుంటావు. మీ ఫోను అంగట్లో ఉంది. నువ్వు హలో అనకముందే మీ అత్తగారు, బావగారు, బియ్యం కొనడానికి వచ్చినవాళ్ళు అందరూ వింటారు. ఇది మనిద్దరి మధ్యే ఉండాల్సిన సంగతి.

ఈ ఉత్తరంతో బాటు బస్సు పార్సిల్లో ఒక చిన్న పెట్టె పంపాను. ఎవరూ విప్పకుండా పైన మందులని రాశాను. లోపల ఉన్నది అరచేతిలో పట్టే వీడియో గేమ్. మొన్న బెంగుళూరు సరుకుతో నాలుగు తెప్పించాను. ఒకప్పుడు బీరువాలంత మెషిన్లలో బిళ్ళ వేసి ఆడిన పాత ఆటలన్నీ ఒక్కచోట కూర్చి మళ్ళీ విడుదల చేశారు. ఇరవై ఆటలు, పేర్లన్నీ ఇంగ్లీషే. మా శివాని ఒక్కొక్కటీ నొక్కుతూ పోయింది. పదకొండోదో పన్నెండోదో నొక్కగానే వచ్చిన పాట విని నేను తాగుతున్న కాఫీ చొక్కా మీద పోసుకున్నాను. అది మన మిడతల ఆట, పద్మా! ఆ మెషిన్ బేతంచెర్లలో నాయన పెట్టిన ఆటలగదికి వచ్చేటప్పుడే పైన పేరున్న అద్దం పగిలిపోయింది కాబట్టి దాని అసలు పేరు మనకు తెలియనే లేదు. ఆకాశంలోంచి గుంపులుగా దిగేవాటిని చూసి నువ్వు మిడతలన్నావు, ఊరంతా అదే పేరయింది.

ఇంతవరకు సంతోషం. ఇప్పుడు అసలు చిక్కు విను.

విజయదశమికి కొత్త అంగడి తెరుస్తున్నాను. నాయన మన ఆటలగది గోడకు పెట్టించిన బండ ఇంకా భద్రంగా ఉంది. కరెంటు పోయినప్పుడల్లా మెషిన్లో అంకెలు చెరిగిపోతున్నాయని, ఎప్పటికీ చెరగకుండా పాలిషు బండ మీద ఉలితో చెక్కించాడు కదా: ‘రాఘవేంద్రప్రసాద్, 3,84,200, తేది 11-6-1989’. ఆ బండను కొత్త అంగడి వాకిట్లో పరిపిస్తున్నాను. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ప్రేమయ్య ఫోన్ రీచార్జికి వచ్చినప్పుడల్లా శివానికి నా కథే చెబుతాడు. "మీ నాయనతో పందెం కాయను బేతంచెర్లకు రైలెక్కి వస్తిమి పాపా. ఆ పొద్దే మెషిను కాలిపోయె. లేకుంటే ఆ పొద్దే తేలిపోయేది." అది విని విని శివాని ఏం చేసిందో తెలుసా? ‘విజయదశమి నాడు ఛాంపియన్‌తో ఆడండి’ అని కరపత్రాలు వేయిద్దామంది. నేను ఊ అన్నాను. వెయ్యి కాగితాలు వచ్చేశాయి.

నిన్న ఆ పిల్ల ఆటను నా చేతికిచ్చి "ఆడు నాన్నా" అంది. రెండో గుంపుకే మూడు ప్రాణాలూ పోయాయి. కళ్ళజోడు మార్చుకోవాలి తల్లీ అన్నాను. అది నా కళ్ళజోడు తీసుకుని తుడిచి మళ్ళీ చేతికిచ్చింది. ఆ తుడవడమే నన్ను తినేస్తోంది.

బండ మీద పేరు నాది, ఆడిన చేతులు నీవి. ఈ ముక్క భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఆ ఏడో గుంపును నువ్వెట్లా దాటేదానివో, ఆ కిటుకు రాసి పంపు తల్లీ. మూడు నెలలుంది, సాధన చేసుకుంటాను.

చదివి చించెయ్.

నీ అన్న,
రాఘవేంద్రప్రసాద్


నందికొట్కూరు,
19-7-2007

పూజ్యులైన అన్నయ్యకు పద్మప్రియ నమస్కారములు.

మందులు అందాయి. మా అత్తగారు "నీకేం రోగమమ్మా?" అని మూడు రోజులు అడిగింది. నరాల బలహీనత అన్నాను. అవి తనకూ పనికొస్తాయేమో కనుక్కోమంటోంది. నీ పుణ్యమా అని ఇప్పుడు నేను ఆమెకు సమాధానం వెతకాలి.

మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు మిద్దె మీద గదిలో కూర్చుని పెట్టె విప్పాను. ఆ పాట వినగానే నాకు వాసన కూడా వచ్చింది అన్నా! నాయన మెషిన్ ముందర గుచ్చిన ఊదుకడ్డీల వాసన, పక్క పాలిషు ఫ్యాక్టరీ తడి రాతి వాసన. దీనికి బిళ్ళ వేసే సందు లేదు. ఒక మీట నొక్కితే బిళ్ళ పడినట్టే. ఎన్ని కావాలంటే అన్ని. ఆ మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. చివరికి మా పాప ఉదయశ్రీని లేపి నువ్వు నొక్కు తల్లీ అన్నాను. అది నొక్కాక నేను ఆడాను.

ఆడితే చేతులకు అన్నీ గుర్తున్నాయి. నాకే నవ్వొచ్చింది.

నాయన పట్టింపు గుర్తుందా? పొద్దున అంగడి తెరవగానే ఇంటి మహాలక్ష్మి చేత్తో బోణీ పడాలి, ఆ తరువాతే లోకం. పప్పుల అంగట్లో అమ్మ, ఆటలగదిలో నేను. షట్టరు సగం దించి, నువ్వు కాపలా నిలబడి, నేను రూపాయి బిళ్ళ వేసేదాన్ని. రోజుకు ఒకటే. శెట్ల ఇంట పుట్టినదాన్ని, వేసిన రూపాయిని ఊరకే పోనిస్తానా? దాన్ని ఎంతసేపు సాగదీయగలనా అని చూసేదాన్ని. మొదట్లో అయిదు నిమిషాలు. ఏడాది తిరిగేసరికి గంటకు పైనే. నాయన మాత్రం పిల్ల గది శుభ్రంగా ఊడుస్తోందని మురిసిపోయేవాడు.

ఆ జూన్ పొద్దున కూడా ఆ ఒక్క బిళ్ళే. లోడింగు కోసం నిలబడిన లారీవాళ్ళు శబ్దం విని షట్టరు ఎత్తారు. నువ్వు నన్ను పక్కకు తోసి కర్ర పట్టుకున్నావు. నేను చీపురు పట్టుకున్నాను. నిమిషంలో నువ్వు చచ్చావు, అంకె మాత్రం తెర మీద అట్లాగే నిలబడింది. "శెట్టి కొడుకు మూడు లక్షలు కొట్టినాడు" అని వాళ్ళు నిన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. నాకు బాధ కలగలేదు. పదమూడేళ్ళ ఆడపిల్ల లారీవాళ్ళ నడుమ ఆడుతోందని తెలిస్తే నాయన చదువు కూడా మాన్పించేవాడు. ఆ అబద్ధంలో నాకూ సగం వాటా ఉంది.

కిటుకు రాస్తున్నాను, ఛాంపియన్ గారూ. ఏడో గుంపులో ఎర్ర మిడత ఒంటరిగా దిగుతుంది. అందరూ దాన్ని కాల్చబోయి చస్తారు. నువ్వు కాల్చకు. ఎడమ మూలకు పోయి, మూడు లెక్కపెట్టేదాకా చేతులు కదపకుండా ఉండు. అది నిన్ను దాటి పోతుంది. నీకు ఊరకే ఉండటం చేతకాదు, అదే నీ జబ్బు.

నీ చెల్లెలు,
పద్మప్రియ


కడప,
28-7-2007

చి. సౌ. పద్మప్రియకు ఆశీస్సులు.

అయిదో గుంపు దాటాను. ఆరులో పోయాను. ఎర్ర మిడతను చూసే భాగ్యం ఇంకా కలగలేదు. శివాని పక్కన కూర్చుని నా ప్రాణాలు లెక్కపెడుతోంది, పరీక్ష హాల్లో పంతులమ్మ మాదిరి.

ఒక మాట అడగాలి. మీట ఉదయశ్రీ చేత నొక్కించానని రాశావు. ఆ పాతమాట ఇంకా మనసులో పెట్టుకున్నావా ఏంటి? నాయన ఏదో కోపంలో అన్నాడు. నష్టం వచ్చిన మనిషి నాలుక అట్లాగే ఉంటుంది. ఆయనకే గుర్తుండదు.

విజయదశమికి తప్పక రావాలి. పొద్దున ఏడున్నరకు ముహూర్తం. నువ్వు పక్కన ఉంటే నాకు ధైర్యం.

నీ అన్న,
రాఘవేంద్రప్రసాద్


నందికొట్కూరు,
12-8-2007

అన్నయ్యకు నమస్కారములు.

శ్రావణమాసం వస్తోందని ఇల్లు సర్దే పనుల్లో పడి జవాబు ఆలస్యమైంది. రాయాలా వద్దా అని కూడా ఆలోచించాను.

ఆయనకు గుర్తుండదని రాశావు. ఆయనకు గుర్తుంది. నా పెళ్ళిచూపుల నాడు ఏం చెప్పాడో నీకు తెలియదు, ఆ రోజు నువ్వు సరుకు కోసం బెంగుళూరులో ఉన్నావు. సరుకులో లోపముంటే బేరానికి ముందే చెప్పాలనేది నాయన నీతి కదా! మా అత్తగారు, మామగారు కాఫీలు తాగాక నాయన చేతులు జోడించి "అమ్మా, మీదీ అంగడి కుటుంబమే కాబట్టి దాచకుండా చెప్తాండా. మా పాప గుణం బంగారం. చెయ్యి మాత్రం బోణీకి అచ్చిరాదు" అన్నాడు. తలుపు వెనక నేను విన్నాను.

వాళ్ళు మంచివాళ్ళు, ఆ మాత్రానికి సంబంధం వదులుకోలేదు. పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఒక్క పొద్దు కూడా బోణీ కాకముందు నేను అంగట్లో అడుగు పెట్టలేదు. లోపలి గదిలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ ఉంటాను. మొదటి బేరం కాగానే మా అత్తగారు నాకు వినబడేట్టు పిలుస్తుంది, "బోణీ అయింది, రామ్మా" అని. ఎత్తిపొడుపు కాదు, మర్యాదగానే పిలుస్తుంది. ఎత్తిపొడిస్తే నేను ఏదో ఒకటి అనేదాన్నేమో. ఆ మర్యాదకు మాత్రం చేట పక్కన పెట్టి లేస్తాను.

ఉదయశ్రీకి అక్షరాభ్యాసం రోజు పలక నేను అందించలేదు, ఎదురింటి రామేశ్వరమ్మ చేత ఇప్పించాను. పరీక్షలకు పోయేటప్పుడు దాని పెన్ను నేను ముట్టను. ఇవన్నీ ఎవరో చెబితే చేసినవి కావు. నాకే భయం.

నువ్వు పాతమాట అంటావు. ఆ పొద్దున ఎర్రగుంట్ల వాళ్ళు రైలు దిగుతారనగా, రోజూ వేసినట్టే బిళ్ళ వేశాను. వేయగానే చెయ్యి భుజం దాకా ఝల్లుమంది. మెషిన్లోంచి పొగ వచ్చింది. రెండు రోజులు వేళ్ళు తిమ్మిరిగా ఉన్నాయి. నా చేతిలో ఏదో ఉందని, అది నాకే తెలియకుండా బయటికి వచ్చిందని అనుకున్నాను. నాయన అన్నది నేను నమ్మాను అన్నా. ఆ మెషిన్ మళ్ళీ బాగుపడలేదు, ఆటలగది మూతపడింది. నా కళ్ళముందు జరిగింది కదా!

కాబట్టి విజయదశమికి మధ్యాహ్నం వస్తాను. ముహూర్తానికి రాను. నీ కొత్త అంగడి బాగుండాలి.

నీ చెల్లెలు,
పద్మప్రియ


కడప,
30-8-2007

పద్మా,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. అయిదుసార్లు జవాబు రాసి చించాను. చెబితే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుందంటారు. ఇన్నాళ్ళూ నేను మానాన్ని చూసుకున్నాను. పోయిన ప్రాణం నీది.

నీ చేతిలో ఏమీ లేదు. అది కరెంటు. నేను పోసిన నీళ్ళ మీదుగా వచ్చిన కరెంటు.

ఎర్రగుంట్ల వాళ్ళు పందేనికి వస్తున్నారని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం దిగలేదు. నలుగురిలో మెషిన్ ముందు నిలబడితే రెండో గుంపుకే నా బండారం బయటపడుతుంది. నీతో చెబితే జ్వరమని పడుకోమనేదానివి, ఎంత తేలిక! కానీ నాకు పదహారేళ్ళు, జ్వరమంటే పిరికివాడు అంటారని భయం. ముందురోజు సాయంత్రం నాయన గుడికి పోయినప్పుడు మెషిన్ వెనక చెక్కతలుపు తీశాను. పాలిషు ఫ్యాక్టరీ కాలవలోంచి ఒక చెంబు తెల్లనీళ్ళు ముంచుకొచ్చి లోపల పోశాను. రాతిపొడి గడ్డకట్టి మెషిన్ పనిచేయదు, అంతే అనుకున్నాను.

పొద్దున బోణీ నువ్వు చేస్తావని నాకు తెలియదా? తెలుసు. రోజూ కాపలా నిలబడేది నేనే. ఆ పొద్దున కూడా షట్టరు దగ్గరే నిలబడ్డాను. నువ్వు బిళ్ళ తీశావు. నోరు తెరిచి ఒక్క మాట, పద్మా ఆగు అని అంటే సరిపోయేది. అనలేదు. నీళ్ళకు కరెంటు తోడైతే మనిషి పోతాడనే సంగతి ఆ వయసుకు నాకు తెలియక కాదు, ఆలోచించదలుచుకోలేదు. నీకేమన్నా అయి ఉంటే, అప్పుడు కూడా నిజం చెప్పేవాడినో లేదో నాకు తెలియదు. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అదే నిజం.

నాయన నీ చేతిని చూసి "ఈ పిల్ల చెయ్యి అచ్చిరాలేదు" అన్నప్పుడు నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఒక నెలలో మరిచిపోతారులే అనుకున్నాను. నీ పెళ్ళిలో నేను వడ్డన చేశాను, నవ్వాను, బావగారితో ఫోటో దిగాను. ఆ మాట నీతో బాటు మీ అత్తవారింటికి పోయిందని నాకు నీ ఉత్తరం చదివేదాకా తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు.

నేను నీకు జూలైలో రాసింది ఏమిటి? నా అబద్ధం నిలబెట్టడానికి కిటుకు చెప్పమని. దానికి కూడా నువ్వు చెప్పావు.

క్షమించమని అడిగే ముఖం నాకు లేదు.

రాఘవ


నందికొట్కూరు,
12-9-2007

రాఘవేంద్రప్రసాద్ గారికి,

మీ ఉత్తరం చదివాను. నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లో నరాల బలహీనతే అనుకున్నారు.

ఇంతకాలం నా చేతిని నేనే దూరం పెట్టుకున్నాను. కన్నబిడ్డకు పలక అందించలేదు. ఆ పొద్దున నీకు అంత ఆలోచన లేదు సరే, పద్దెనిమిదేళ్ళలో ఒక్క రోజైనా రాలేదా? కోపంతో ఒళ్ళు మండుతోంది. నిన్ను ఎదురుగా చూస్తే ఏమంటానో నాకే తెలియదు.

ఇంకొకటి. నువ్వు నిజం చెప్పి బరువు దించుకున్నావు, బాగుంది. ఎవరితో చెప్పావు? నాతో. నా చెయ్యి మంచిది కాదన్నమాట నలుగురిలో పుట్టింది, నాయన నోట పెరిగింది, మా అత్తగారి చెవిన పడింది. నీ నిజం మాత్రం అంటించిన కవర్లో వచ్చింది, చదివి చించెయ్యమన్నట్టు. రేపు పొద్దున కూడా నేను లోపలి గదిలోనే కూర్చుంటాను.

ఆట తిప్పి పంపడం లేదు. అది నాది.

పద్మప్రియ


కడప,
24-9-2007

పద్మా,

చెప్పాను. మొదట శివానికి, తరువాత నాయనకు.

శివాని అంతా విని, "అంటే కళ్ళజోడు గురించి కూడా అబద్ధమేనా నాన్నా?" అంది. అన్నీ వదిలేసి దాన్ని పట్టుకుంది. అవునన్నాను. కాసేపు కరపత్రాల కట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తరువాత "అత్త ఇప్పుడు కూడా ఆడతాదా?" అని అడిగింది. ఆడుతుందన్నాను. అప్పటి నుంచి నాతో మాట్లాడటం తక్కువైంది. కూతురు ముఖం తిప్పుకుంటే ఎంత ఖాళీగా ఉంటుందో నాకు ఇప్పుడు తెలిసింది.

నాయనకు భోజనాల దగ్గర చెప్పాను. ముద్ద చేతిలో అట్లాగే ఉండిపోయింది. డబ్బు నష్టం గురించి గాని, మెషిన్ గురించి గాని ఒక్క మాట అనలేదు. "బిడ్డకు కరెంటు కొట్టినాదా?" అన్నాడు. అవునన్నాను. "నేను దాన్ని తిడితిని కదరా. చెయ్యి ఊపుకుంటా నిలబడినాది, నేను తిడితిని." మళ్ళీ "సంబంధం వాళ్ళకు నేనే చెప్తిని. ఈ నోటితోనే చెప్తిని" అన్నాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. నన్ను కొట్టి ఉంటే బాగుండేది. రెండు రోజులుగా అంగడికి కూడా రావడం లేదు.

ఇక మిగిలింది మీ అత్తగారు. మొన్న బస్టాండుకు పోయాను. నందికొట్కూరు పోవాలంటే ముందు కర్నూలు బస్సు ఎక్కాలి కదా, టికెట్టు కూడా తీసుకున్నాను. బస్సు మైదుకూరు చేరేలోపల ఆమె ముందు ఏం చెప్పాలో వందసార్లు అనుకున్నాను. మైదుకూరులో దిగి వెనక్కి వచ్చేశాను. ఇది కూడా నీకు చెప్పకుండా దాచవచ్చు. దాచే అలవాటు మానుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

ఈ ఉత్తరం రాస్తుండగానే నాయన చెప్పులు వేసుకుని, సంచి తగిలించుకుని వాకిట్లోకి వచ్చాడు. యాడికి నాయనా అని అడిగాను. "బేరానికి" అన్నాడు. నేను వస్తానన్నాను. "నువ్వొద్దు" అన్నాడు.

రాఘవ


నందికొట్కూరు,
4-10-2007

అన్నయ్యకు,

నీ ఉత్తరం కంటే ముందు నాయనే చేరాడు. సాయంత్రం వచ్చాడు, రెండు మాటలు మాట్లాడి పడుకున్నాడు. నాతో ఏమీ చెప్పలేదు. చీకటితోనే లేచి స్నానం చేసి, విభూతి పెట్టుకుని, మా అంగడి ముందర ఉప్పుబస్తా మీద కూర్చున్నాడు. మా ఆయన షట్టరు ఎత్తగానే చింతపండుకు వచ్చిన ఒకాయనను నాయన ఆపేశాడు. "ఆగప్పా, ముందు వచ్చింది నేను" అన్నాడు.

తరువాత మా అత్తగారిని పిలిచి చేతులు జోడించాడు. వీధిలో అప్పటికే అయిదారుగురు చేరారు.

"కన్యకమ్మా, పన్నెండేండ్ల కింద మీకు ఒక మాట చెప్తి. మా సరుకులో లోపముండాదని. లోపం సరుకులో లేదమ్మా, నా తక్కెడలో ఉండె. మా పిల్లోడు చేసిన పనికి నేను నా బిడ్డ చేతిని తప్పు పడితి. ఈ పొద్దు బోణీకి వచ్చినా. పావుకిలో బెల్లం కావల్ల. నా బిడ్డ చేత్తో ఇప్పీండి."

నువ్వు చేసింది మొత్తం చెప్పాడు, చెంబుతో సహా. నేను లోపలి గది గడప మీద నిలబడి ఉన్నాను. మా అత్తగారు నా దగ్గరికి వచ్చింది. నా మణికట్టు పట్టుకుని గల్లాపెట్టె దాకా తీసుకుపోయింది, అంతే.

బెల్లం కొట్టాను. తక్కెడలో ఎక్కువ పడింది. తీయబోతే నాయన "ఉండనీలేమ్మా" అన్నాడు. జీవితంలో మొదటిసారి నాయన తూకం మొగ్గినా వద్దనకపోవడమే కాదు, కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను. మా అత్తగారు కూడా చూసి, అటు తిరిగి వీధిలో వాళ్ళ మీద కేకలేసింది. "ఇంకా ఏం చూస్తాండారు? బోణీ అయింది, రాండి!"

నేను ఏడ్చాను. దాచడమెందుకు.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు రాలేదు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి ఆ మోకాళ్ళతో రెండు బస్సులు మారి వచ్చాడు, నువ్వు మైదుకూరులో దిగిపోయావు. నీ మీద కోపం పోలేదు. పోయిందని అబద్ధం రాయను.

వాకిట్లో బండ తీయించేస్తానని శివాని చేత ఫోన్లో చెప్పించావు. వద్దు. నాయన చెరగకుండా చెక్కించింది, చెరపకు. నీ పేరు పైకి కనబడేట్టే పరిపించు. ఇదెవరి పేరు, ఈ అంకె ఏమిటి అని అడిగిన ప్రతి మనిషికీ నీ నోటితో చెప్పు. మొదలు ప్రేమయ్యతో పెట్టు.

పద్మప్రియ


కడప,
10-10-2007

పద్మా,

నిన్న పొద్దున కొత్త అంగట్లో బండ పరిపిస్తుండగా ప్రేమయ్య వచ్చాడు. బండను చూసి మురిసిపోయి, పక్కనున్న మేస్త్రీకి మళ్ళీ అదే కథ మొదలుపెట్టాడు. "ఆ పొద్దు మెషిను కాలిపోకుంటే..."

చూడు నా బుద్ధి. ఇన్ని జరిగినా, మొదట నా నోటికి వచ్చిన మాట "పాత మెషిను ప్రేమయ్యా, ఏం చేస్తాం" అనే. సగం అనేశాను కూడా. శివాని అంగడి లోపలి నుంచి నన్నే చూస్తోంది. మాట మింగి, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అది కాలిపోలేదు, నేను కాల్చాను. ఆ మూడు లక్షలు నావి కావు, మా చెల్లెలివి. నీళ్ళు పోసింది నేను, మాట పడింది ఆమె. మేస్త్రీ పని ఆపి విన్నాడు. ఇద్దరు కూలీలు విన్నారు.

ప్రేమయ్య వంగి బండ మీది అంకె మీద వేలు పెట్టి చూశాడు. తిడతాడనుకున్నాను. "పద్దెనిమిదేండ్లు నీతో ఓడిపోతానేమోనని భయపడితినప్పా, వట్టి పుణ్యానికి" అన్నాడు. తరువాత శివాని వైపు తిరిగి, "అయితే నేను పందెం కాసింది మీ అత్తతో అన్నమాట. ఆయమ్మను రమ్మను పాపా. తేల్చుకోవల్ల" అన్నాడు.

శివాని కరపత్రాలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఛాంపియన్ అన్న మాట పక్కన నీ పేరు పెన్నుతో రాస్తోంది. వెయ్యింటికీ. నేను సాయం చేస్తానంటే, చేతిరాత బాగుండాలి అంది. చివరికి ఒక వంద నాకిచ్చింది.

రమ్మని అడిగే హక్కు నాకు లేదు. ప్రేమయ్య అడిగాడని రాస్తున్నాను.

రాఘవ


నందికొట్కూరు,
15-10-2007

అన్నా,

ప్రేమయ్య గారితో చెప్పు, విజయదశమి పొద్దున ఏడున్నర కల్లా ఉండమని. మేము ముందురోజే వస్తున్నాం. మా అత్తగారు కూడా వస్తుంది. ఆ మందుల సంగతి ఇప్పుడు ఆమెకు తెలిసిపోయింది. రోజూ మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, ఎర్ర మిడత దిగినప్పుడల్లా "కదలొద్దు, కదలొద్దు" అని అరుస్తోంది. నిన్న నాలుగు లక్షలు దాటాను. మీట నేనే నొక్కాను.

నువ్వు అందరికంటే ముందు లేవాలి. ఈసారి నన్ను పక్కకు తోయవద్దు. అంగడి ఊడ్చేది నువ్వు. బోణీ నాది.

పద్మప్రియ